వాయిదా ఒప్పని పేష్కార్ సాబ్

మా పేష్కార్ సాబ్ పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు తెచ్చాడు. మొన్న మంగళవారం మహబూబ్‌నగర్ కోర్టు మెట్ల దగ్గర ఒక కక్షిదారుతో మాట్లాడుతున్నాను. కల్వకుర్తి వైపు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు, భుజాన టికెట్ల సంచీ అలాగే ఉండగా, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"వకీల్ సాబ్, మీ పేష్కార్ సాబ్ పొద్దుగాల పోయిండు. మీకు చెప్పుమన్నరు. పన్నెండింటికి మోటరు మల్ల పోతది."

'మీ పేష్కార్ సాబ్' అన్నాడు. ఆయన నాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా ఊరివాడు కూడా కాదు. అయినా మా తాలూకాలో ఆయన పేరెత్తితే నన్నూ, నా పేరెత్తితే ఆయన్నూ తలచుకుంటారు. ఆ రోజు నాకున్న రెండు కేసులు తోటి వకీలుకు అప్పగించి ఆ బస్సే ఎక్కాను. వాయిదా అడగడానికి మనసు రాలేదు. ఆయనకు వాయిదా అంటే గిట్టదు.

ఈ మాటలు చదివేవాళ్ళలో కోర్టు గడప తొక్కనివాళ్ళు ఉంటారు. పేష్కారంటే మున్సిఫు గారి ముందు బల్ల దగ్గర కూర్చుని, దస్త్రాలు అందిస్తూ, కాగితాలు చదివి వినిపిస్తూ, ఏ కేసు ఏ రోజుకో రాసిపెట్టే ఉద్యోగి. మా తాలూకా కోర్టులో ఆ కుర్చీలో ఆయన ముప్పై ఏళ్ళు కూర్చున్నారు. హిందువే అయినా, నిజాం నాటి బడిలో ఉర్దూలో మెట్రిక్కు పాసయ్యారు. అంతకు మించి చదువు లేదు.

మాది గొర్రెలు కాసే ఇల్లు. ఊరి పడమట మా తాతల నాటి నుంచి గొర్రెలు మేసే కంచె, అంటే బీడు భూమి, ఒకటుండేది. అది తనదేనని ఊరి దొర మా బాపు మీద దావా వేశాడు. నేనప్పుడు పట్నంలో హాస్టలులో ఉండి బి.ఏ. చదువుతున్నాను. పరీక్షలు రాసి ఇంటికి వచ్చేసరికి కేసు అయిపోయింది. బాపు రాజీనామా మీద, అంటే ఒప్పుదల కాగితం మీద, వేలిముద్ర వేసి వచ్చాడు.

"దాంట్ల ఏముంది బాపూ?" అని అడిగాను.

"కొట్లాట లేకుంట మంచిగుండాలె అని ఉందన్నరు."

కోర్టు కాగితాలు ఇంకా ఉర్దూలో నడిచే రోజులవి. నాకు ఉర్దూ మాటలు వచ్చుగాని కోర్టు రాత చదవడం రాదు. నకలు పట్టుకుని కోర్టుకు వెళితే, వరండాలో చాయ్ తాగుతున్న పేష్కార్ సాబ్ దాన్ని అందుకున్నారు. మొదటి రెండు పంక్తులు పైకి చదివారు. తర్వాత గొంతు తగ్గిపోయింది. కంచె మీద తనకు ఏ హక్కూ లేదని బాపు ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉంది.

కాగితం మడిచి నా చేతికిచ్చి, "ఏం చదివినవ్?" అన్నారు.

"బి.ఏ. ఇక్కడి స్కూల్లో పంతులు పని దొరికింది."

"వకీలు చదువు చదువు. పట్నంల లా కాలేజీ ఉంది. సీట్లు తక్కువ, వచ్చేటోళ్ళు శానామంది. అందుకని ముందుగాల ఒక పరీక్ష పెడ్తరు. రేపు పొద్దుగాల అజాన్ కాంగనే మా ఇంటికి రా పంతులూ."

ముక్కూమొహం తెలియని మనిషి నా మీద ఇంత దయ ఎందుకు చూపుతున్నాడో అప్పుడు ఆలోచించలేదు. మర్నాడు వెళ్ళాను. అరుగు మీద చాప పరిచి ఉంది. చాప మీద ఒక కాగితం. కోర్టులో రోజువారీ కేసుల జాబితా ఎలా గీస్తారో అలాగే గీతలు గీసి, వందరోజుల చదువును పంచి పెట్టారు. కేసు పేరు ఉండవలసిన చోట ఇంగ్లీషు వ్యాసం, సంక్షేపం, తర్కం, చరిత్ర, లోకజ్ఞానం. పక్కన తేదీ. తేదీ పక్కన 'వాయిదా' అని ఒక ఖాళీ గడి.

"ఒక్కొక్క దానికి ఒక్క వాయిదానే. జరమొచ్చినా, పెండ్లి వచ్చినా ఒక్కసారి. రెండోసారి అడిగినవనుకో, ఆ కేసు కొట్టేసినట్టే."

పొద్దున రెండు గంటలు ఆయన దగ్గర, తర్వాత బడి, సాయంత్రం చీకటి పడేదాకా ఒక గంట. అంతే. రాత్రి చదవడానికి వీల్లేదు. "దీపం కింద చదివింది దీపం ఆర్పంగనే పోతది," అనేవారు. నిద్ర కూడా ఆ జాబితాలో ఒక కేసే.

ఆయన చదివించే పద్ధతి ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. తేలిపోయిన పాత కేసు ఒకటి చెప్పేవారు. తీర్పు చెప్పేవారు కాదు. "ఎవడు గెలుస్తడు?" అనేవారు. నేను తొందరపడి ఒక పక్షం చెబితే, "అయితే రెండోవాని దిక్కు నిలబడి రాయి. నీకు నచ్చినోని మాట నీకెట్లనూ వస్తది. నచ్చనోని మాట ముందుగాల రాయాలె," అనేవారు. నాలుగు పేజీల అర్జీ ఇచ్చి నాలుగు వాక్యాల్లో చెప్పమనేవారు. ఐదో వాక్యం వస్తే కాగితం తిప్పి ఇచ్చేసేవారు.

ఇంగ్లీషు దగ్గర మాత్రం మేం చోట్లు మారేవాళ్ళం. పట్నం నుంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపరు ముందు పెట్టుకుని ఆయనే నా దగ్గర విద్యార్థిలా కూర్చునేవారు. కోర్టు రాత ఇంగ్లీషుకు మారబోతోందని అప్పటికే చెప్పుకుంటున్నారు. కొత్త మాట తగిలితే పలకమనేవారు. దాన్ని ఉర్దూ అక్షరాల్లో రాసుకుని, కోర్టుకు పోయే దారంతా పెదవులు కదుపుతూ వల్లించేవారు. ఒకసారి బజారులో ఎవరో, "పేష్కార్ సాబ్, జపం చేస్తున్నరా?" అంటే, "పెద్దతనంల నోరు తిరగాలంటే గింత జపం జెయ్యాలె," అని నవ్వారు. ఆయన నవ్వు నేను చూసింది తక్కువ.

ఆ మొదటి ఏడు నేను పరీక్ష తప్పాను.

తప్పు నాదే. ఆయనకు తెలియకుండా రాత్రుళ్ళు కూర్చుని వ్యాసాలు బట్టీ పట్టాను. పరీక్ష హాలులో నాకు తెలిసిన వ్యాసం రావడంతో పొంగిపోయి దాన్నే రాస్తూ కూర్చున్నాను. తర్కం సగంలో ఉండగానే కాగితాలు లాగేసుకున్నారు. ఫలితం వచ్చిన రోజు పేష్కార్ సాబ్ ప్రశ్నపత్రం చూసి ఒకటే అడిగారు.

"గంట చూసుకున్నవా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. "మీరెన్నడన్న పరీక్ష రాసిన్రా సాబ్? రాయనోళ్ళు చెప్పిన దారిల పోతే గిట్లనే ఉంటది," అనేశాను.

లోపల బియ్యం చెరుగుతున్న ఆయన భార్య పేష్కారమ్మ చేట ఆపింది. ఆయన ప్రశ్నపత్రం మడిచి చాప మీద పెట్టారు.

"నిజమే పంతులూ, రాయలే. పాత కాలం వకాలత్ పరీక్ష ఉండె. కాలేజీ లేకున్నా రాయొచ్చు. మూడేండ్లు చదివిన. రాద్దామనుకున్న ఏడే ఆ పరీక్ష ఎత్తేసిన్రు. ఇగ కాలేజీల చదివినోడే వకీలు అన్నరు. మెట్రిక్కోణ్ణి నన్ను ఏ కాలేజీ రానిస్తది? నీకు గీసిన జాబితా ఉంది సూడు, అది నాకోసం గీసుకున్నదే."

మళ్ళీ అన్నారు.

"ఇంకోటి గూడ విను. మీ బాపు రాజీనామా చదివి వినిపించింది నేనే. ఆ దినం కేసులు శానా ఉండె. ఉర్దూల గడగడ చదివిన. మంజూరేనా అని అడిగిన. మీ బాపు తలకాయ ఊపిండు. తెలుగుల నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఊపకపోతుండె. చెప్పేది నా పని. నేను జెయ్యలే."

నేను లేచి వచ్చేశాను. ఎనిమిది రోజులు ఆ వీధి తొక్కలేదు. దొర మీద లేని కోపం కూడా ఆయన మీద వచ్చింది. దొర నుంచి నేను మంచి ఆశించలేదు గనుక కాబోలు. కాని ఎవరూ అడగకుండా, ఏ సాక్షీ లేకుండా, తన తప్పు తానే ఒప్పుకున్న మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. తొమ్మిదో రోజు అజాన్ వినబడేసరికి కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. చాప పరిచే ఉంది. ఆయన ఒక అంచున కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. రెండో అంచు ఖాళీగా ఉంది. అన్ని రోజులూ అలాగే పరిచారని పేష్కారమ్మ తర్వాత చెప్పింది.

"ఎనిమిది దినాల కేసులు వాయిదా పడ్డయ్," అన్నారు తలెత్తకుండా. "ఇగ వాయిదా లేదు. కూసో."

రెండో ఏడు ఆదివారం ఆదివారం కోర్టు వరండాలో నాకు పరీక్ష పెట్టారు. పక్కన తహసీలు కచేరీలో జవాను గంట కొట్టేవాడు. గంట పడితే ఎంత మంచి వాక్యం మధ్యలో ఉన్నా కలం కింద పెట్టాలి. మొదట్లో ఏడుపొచ్చేది. మూడు నెలలకు, గంట కొట్టేలోపల నా మాట దానంతటదే ముగియడం నేర్చుకుంది. చివరి వారం రోజులూ కొత్త పుస్తకం ముట్టనివ్వలేదు. "ఆఖరి దినం కొత్త సాక్షిని తెచ్చినోడు గెలువడు," అన్నారు.

ఈసారి సీటు వచ్చింది. జాబితాలో నా పేరు కింది నుంచి నాలుగోది. ఆ మాట సిగ్గుపడుతూ చెబితే, "జాబితాల ఉన్నోడు ఉన్నోడే. కిందేంది, మీదేంది?" అని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

లా రెండో ఏడు చదువుతుండగా రాజీనామా తీర్పుల సంగతి మాకు పాఠంలో వచ్చింది. ఆ రాత్రికి రాత్రి నాకు అర్థమైంది. మా బాపు కంచెకు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఏ కోర్టూ దాన్ని తిరగదోడదు. సెలవులకు వచ్చి అరుగు మీద కూర్చుని, ఆయన మొహం చూడలేక నేల చూస్తూ చెప్పాను.

"నాకెరుకే బిడ్డా," అన్నారు. అప్పటిదాకా పంతులూ అని పిలిచేవారు. బిడ్డా అనడం అదే మొదలు. "నువ్వు మొదటి దినం కాయితం తెచ్చిననాడే ఎరుక. చెప్తే చదువు ఇడిసిపెడ్తవని చెప్పలే. మీ బాపు కంచె రాదు. ఇంకోని కంచె పోకుంట సూడు."

నేను వకీలునై మొదటిసారి ఆ కోర్టులో అడుగు పెట్టినప్పుడు ఆయనకు ఉద్యోగం ఇంకా కొన్ని నెలలే ఉంది. నేను లోపలికి రాగానే లేచి నిలబడ్డారు. నాకు ప్రాణం చచ్చిపోయింది. దగ్గరికెళ్ళి కూర్చోండి సాబ్ అని గొణిగితే, "ఇది నా అరుగు గాదు, వకీల్ సాబ్," అని మెల్లగా అని, దస్త్రం తీసి నా కేసు పిలిపించారు. దస్త్రాల్లో రాజీనామాలేవైనా ఉంటే ఇప్పుడాయన తెలుగులో నిదానంగా చదివి, ఒక్కొక్క మాటకూ ఆగి, "సమజయిందా?" అని రెండుసార్లు అడిగేవారు. కొత్త మున్సిఫు విసుక్కునేవాడు. ఆయన పట్టించుకునేవారు కాదు. ఉద్యోగం అయిపోయాక కూడా రోజూ వరండాలో వచ్చి కూర్చుని, వేలిముద్ర వేయబోయే వాళ్ళకు కాగితాలు చదివి చెప్పేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు.

నేను మహబూబ్‌నగర్‌కు మారాక రాకపోకలు తగ్గాయి. వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూ ఐదు నెలలు గడిపాను. ఆయన ఒప్పుకోని వాయిదాలన్నీ నేను ఆయన మీదే వేశాను. ఇది రాయకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది.

శ్మశానానికి మా బాపు కూడా వచ్చాడు. ఊరి నుంచి ఎండలో నడిచి వచ్చాడు. గొర్రెలు చాలావరకు అమ్మేశాక మనిషి బాగా వంగిపోయాడు. చితి అంటుకున్నాక మేమిద్దరం తుమ్మచెట్టు నీడకు వచ్చాం. ఇన్నేళ్ళు దాచిన మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"బాపూ, నీ రాజీనామా చదివింది ఈయననే. నీకు సమజ్ అయ్యేటట్టు చెప్పలేదని శానా బాధపడ్డడు."

బాపు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ఎరుకే. నా ఎదురుంగనే సదివె గద. అండ్ల ఆయన తప్పేముంది? సమజ్ కాలే సారూ అని నేను అడుగకపోతిని. నాకు ఆయన మీద ఎన్నడు కోపం లేకుండె."

"ఈ మాట ఆయనకు ఒక్కసారి చెప్పకపోతివా?"

"నువ్వు దినాం పోయి ఆయన చాప మీద కూసుంటుంటివి గద. నువ్వు చెప్పే ఉంటవనుకున్న."

రెండు పక్షాల మాటా వినడం నేర్పిన మనిషికి, ఆయన ఎదురుచూసిన రెండో పక్షం మాట ఎన్నడూ అందలేదు. ఆ రెండు ఇళ్ళ నడుమ రోజూ తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

స్నానాలు చేసి ఆయన ఇంటికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పెరట్లో గోడ నుంచి వేపచెట్టు దాకా కట్టిన తాడు మీద ఆయన తెల్ల రుమాలు, తలకు చుట్టుకునే ఆ పొడుగాటి గుడ్డ, ఆరేసి ఉంది. కోర్టుకు పోవాలని పొద్దున అడిగితే పేష్కారమ్మ పెందలాడే ఉతికి ఆరేసిందట. అది ఆరేలోపలే ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూశారట. పక్కింటామె దాన్ని తీసి మడతపెట్టబోయింది. గడపలో కూర్చున్న పేష్కారమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తడి ఆరలే. ఉండనీయ్."

పొద్దంతా కాసిన ఎండకు అది ఎప్పుడో ఆరిపోయి పెళపెళలాడుతోంది. పక్కింటామె చెయ్యి వెనక్కి తీసుకుంది. గాలి వచ్చినప్పుడల్లా ఆ గుడ్డ కొంచెం లేచి, మళ్ళీ తాడు మీద వాలుతూ ఉంది.