ముందు వరుస మర్యాద

మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉన్న ఒకే ఒక్క విదేశీయుడు, మా సూడాన్ సీనియర్. తెలుగంతా, ప్రతి మాటకీ 'అండీ' తగిలించే మెస్ వంటాయన దగ్గరే నేర్చుకోవడంతో వరండాలో పడుకున్న కుక్కని కూడా "కాస్త జరగండి" అనేవాడు. చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవరులో, పోలీసులిచ్చిన నివాస పర్మిట్ ఉండేది. ఏదైనా గట్టిగా మాట్లాడాలంటే ముందు ఆ జేబు తడుముకునేవాడు.

ఆ ఏడాది చేపల చెరువుల మురుగు కలిసిన కాలవ నీళ్ళే హాస్టల్‌కి వచ్చాయి. చాలామందికి కామెర్లు, ఆయనకి కూడా. కాలేజీ గేటు ముందు ధర్నాకి దిగాం. మా గోదావరి పంక్తి భోజనాల్లో పరాయి ఊరివాడికే మొదటి విస్తరి కదా, అదే మర్యాదతో బ్యానరు ఆయన చేతికిచ్చాం.

"నేను వెనక ఉంటానండి" అన్నాడు జేబు తడుముకుంటూ.

"భలేవారే, మీరు ముందుండాలండి!" అని లాక్కొచ్చింది నేనే.

మర్నాడు పేపర్లో ఆయన ఫొటో పడింది. ప్రిన్సిపాల్ మమ్మల్ని నాలుగు తిట్టి వదిలేశాడు. ఆయన్ని మాత్రం గదిలోకి పిలిచి, "పై దేశం వాడివి, నీకెందుకయ్యా ధర్నాలు? వీసా పీకించేస్తాను" అన్నాడు.

"మంచినీళ్ళు అడగడానికి కూడా వీసా కావాలాండి?"

ఈసారి ఆయన జేబు తడుముకోలేదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న నేను మెల్లిగా వెనక్కి తప్పుకున్నాను.

ఏ రూలు తప్పాడో ఎవరూ చెప్పలేదు. పరీక్షలు రాయనివ్వకుండానే సూడాన్ పంపించేశారు.

నెల తిరక్కుండా హాస్టల్‌కి ఫిల్టరు వచ్చింది. ప్రిన్సిపాల్ రిబ్బను కోస్తుంటే ఫొటో తీశారు. అందరం ముందు వరుసకే తోసుకున్నాం.