తథాస్తు దేవతలకు భయపడి చదివిన స్వగతం

ఆ ఏడాది నా గడ్డం చూసి తాడేపల్లిగూడెంలో మా బెల్లం కొట్టుకొచ్చిన వాళ్లందరూ ఒకటే అడిగేవారు. "ఎన్నో నెలండీ?" అని. భార్య కడుపుతో ఉంటే మొగుడు క్షౌరం చేయించుకోకూడదు, శవం వెంట నడవకూడదు. కాబట్టి గడ్డం పొడుగును బట్టి నెలలు కట్టేసేవారు. వాళ్లకది వేళాకోళం. నాకు మాత్రం లోపల వణుకు. తొలి కాన్పు. మా ఆవిడ పురిటికని కైకలూరు, వాళ్ల పుట్టింటికి వెళ్లింది. అక్కడ మా మామగారికి వలలు అల్లే నూలు అమ్మే కొట్టుండేది.

సరిగ్గా అప్పుడే ఏలూరులో ఒక నాటక సమాజం వారు కొత్త నటుల్ని ఎంచుకుంటున్నారని కబురు తెలిసింది. నాకు చిన్నప్పటి నుంచీ వేషాల పిచ్చి. మా నాన్నగారు ఆ పిచ్చిని చాలాకాలం భరించి, చివరికి ఒక మాట తేల్చేశారు. "ఈ ఒక్కసారికీ వెళ్లు. వాళ్లు తీసుకుంటే సరే. తీసుకోకపోతే మళ్లీ నాటకమన్న మాట నా ఎదుట ఎత్తకు." అంటే అదే మొదలూ, అదే ఆఖరూ.

సమాజం ప్రొప్రైటరు గారికో పట్టుదల ఉండేదట. పద్యాలు ఆయన దగ్గర చెల్లవు. ఎవరైనా సరే, ఒక స్వగతం ఎంచుకొచ్చి, హార్మోనియం లేకుండా, వట్టి వచనంలో చదవాలి. రాగం తీసి గట్టెక్కుదామనుకునే నాలాంటి వాళ్లకు అది చావుదెబ్బ.

ఏం చదవాలి? నాకు నాటకం నేర్పిన మేస్టారు మా వీధి చివరే ఉండేవారు. ముందు ఒక రాజు వీరాలాపం ఇచ్చారు. కొట్టు వెనక గోదాంలో రొమ్ము విరుచుకుని మొదలెట్టాను. తూకం వేసే ముసలాయన తొంగిచూసి, "ఏవండీ, ఎవరితోనైనా తగువొచ్చిందా?" అన్నాడు. అది మూలపడింది. తర్వాత ఒక పిసినారి హాస్యం. నేను నవ్వించే లోపల నాకే నవ్వొచ్చి చెడింది. అప్పుడు మేస్టారు, తాను రాసుకున్న నాటకంలోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టారు. కొల్లేటి మీద గాలివానలో పడవ తిరగబడి కొడుకు పోయాడు. తండ్రి ఆ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని మాట్లాడే స్వగతం.

"లేరా నాయనా, లే. అన్నం చల్లారిపోతోంది."

ఆ ఒక్క మాట చదివేసరికే మేస్టారు కళ్లు తుడుచుకున్నారు. "ఇదేనోయ్ నీది. నీ గొంతులో భయం ఉంది చూశావూ, అది ఇంకెవడికీ రాదు" అన్నారు. ఎందుకు రాదూ! నా ఒంట్లో ఉన్నదంతా అదేగా.

ఇంట్లో మా అమ్మ వినేసింది. చేతిలో గరిట అలాగే ఉంది. "నోరు ముయ్యరా! అక్కడ పిల్ల నెలలు నిండి కూర్చుంటే ఇక్కడ కొడుకు శవం ముందు ఏడుస్తున్నావా? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వు ఏ ఘడియలో ఏమంటే అది అయి కూర్చుంటుంది" అని లెంపలు వాయించుకుంది, నావి కూడా వాయించింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మానేద్దామంటే వేరే ముక్క నోటికి పట్టదు. చదువుదామంటే నోరు పిడచగట్టుకుపోతుంది. అటు వేషం, ఇటు ఇంకా కళ్లు తెరవని బిడ్డ. పైకప్పు మీద కాకి అరిచినా ఎవరో తథాస్తు అన్నట్టే ఉలిక్కిపడేవాణ్ణి.

రైల్లో ఏలూరు వెళ్తుంటే ఒక ఉపాయం తట్టింది. పుట్టబోయేది మగపిల్లాడేనని అందరూ ఢంకా బజాయించి చెబుతున్నారు. కడుపు తీరు చూసి మా అమ్మా అంది, మా అత్తగారూ అన్నారు, మంత్రసాని కూడా అందిట. అలాంటప్పుడు స్వగతంలో కొడుకు తీసేసి కూతుర్ని పెడితే? దేవతలు తథాస్తు అన్నా ఆ మాట తగలడానికి మాకు కూతురే లేదాయె. ఎంత తేలికో! పూళ్ల స్టేషను దాటేసరికి గుండె కాస్త కుదుటపడింది. అంత తెలివి నాకెలా వచ్చిందా అని మురిసిపోయాను కూడా.

ఎంపిక జరిగింది కాలవ ఒడ్డున ఒక రైసుమిల్లు గోదాంలో. ఊక వాసన. ప్రొప్రైటరు గారు బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నా గడ్డం చూసి, "ఎన్నో నెల?" అన్నారు ఆయన కూడా. "నెలలు నిండాయండి" అన్నాను. నవ్వి, "కానీ" అన్నారు.

మేస్టారి రాతప్రతి ఆయన చేతికిచ్చి నేల మీద కూలబడ్డాను. ఉత్తరీయం చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. "లేవమ్మా, లే. అన్నం చల్లారిపోతోంది." ఆ తర్వాత ఏం చదివానో, ఎలా చదివానో నాకు తెలియదు. అయిపోయి తలెత్తాను. ప్రొప్రైటరు గారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తీసుకున్నామయ్యా. ఈ వేషమే వేద్దువుగాని. రాతలో కొడుకన్నాడు మీ మేస్టారు, నువ్వు కూతురన్నావు. అదే బాగుంది, అలాగే ఉంచుదాం" అన్నారు.

ఎగురుకుంటూ బయటికొచ్చాను. గుమ్మంలో మా బావమరిది. ఎంపిక ఇక్కడేనని నేను రాసిన ఉత్తరం చూసి, తెల్లారగట్ల పడవలో బయల్దేరి వచ్చాడట. నోరంతా నవ్వు. "బావగారూ, అమ్మాయి పుట్టిందండీ!"

"ఎప్పుడు?" అన్నాను. రాత్రే పుట్టిందన్నాడు. అంటే నేను ఒళ్లో గుడ్డ పెట్టుకుని ఏడ్చేసరికే నాకు కూతురుంది. దేవతల నుంచి కొడుకును దాచానని మురిసిపోతూ, ఉన్న కూతుర్ని చేజేతులా చూపించేశాను.

ఏలూరు నుంచి కైకలూరు దాకా కొల్లేటి మీద ఆ పడవ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. గాలి లేదు, అల లేదు, నీళ్లు ఎంతో నెమ్మదిగా ఉన్నాయి. అయినా పడవ అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కిక్కిస గడ్డి దుబ్బుల్లోంచి కొంగ లేచినప్పుడల్లా ఆకాశం కేసి చూసేవాణ్ణి. బావమరిది పిల్ల ముక్కు ఎలా ఉందో, జుట్టెంత ఉందో చెబుతూనే ఉన్నాడు. "ఊరుకో బాబూ" అని కసిరాను. ఎవరైనా వింటారేమోనని నా భయం.

పొద్దు వాలుతుండగా చేరాం. ఇంట్లో చడీచప్పుడూ లేదు. మా అత్తగారు పురిటిగది గుమ్మం దగ్గరే నన్ను నిలబెట్టి, చేటలో పాత చీర పరిచి పడుకోబెట్టిన పిల్లను తెచ్చి చూపించారు. కదల్లేదు. "ఏడవదేమండీ?" అన్నాను. "నిద్రపోతోంది అల్లుడుగారూ." "లేపండి." "చోద్యం కాకపోతే, నిద్రపోయే పిల్లను లేపుతారా ఎవరైనా?" "లేపండి అత్తగారూ, మీకు దండం పెడతాను" అన్నాను. నా గొంతు విని ఆవిడ జడుసుకుని అరికాలు మీద చిటికె వేశారు. పిల్ల ఇల్లెగిరిపోయేలా కేరుమంది. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

మర్నాడే ఏలూరు వెళ్లి, నేను రాలేనని ప్రొప్రైటరు గారికి చెప్పేశాను. కారణం చెబితే ఆయన తిట్టలేదు. "పోనీ, రాతలో ఉన్నట్టు కొడుకనే చదువు. నీ పిల్లకేం బాధ?" అన్నారు.

"రేపు కొడుకు పుడితేనో అండీ?"

ఆయన మేస్టారి రాతప్రతి మడిచి నా చేతికిచ్చేశారు. "అయితే నువ్వు బెల్లమే అమ్ముకో నాయనా" అన్నారు. నేను బెల్లమే అమ్ముకున్నాను.

మా ఆవిడ పిల్లతో తాడేపల్లిగూడెం తిరిగొచ్చాక, పక్కింటివాళ్ల నోట సంగతి విని నన్ను నిలదీసింది. "పిల్ల కోసం నాటకాలు మానేశారని అందరికీ చెబుతున్నారట. ఏవండీ, ఆ మాట దాని నెత్తిన రుద్దకండి. అదేం చేసింది పాపం? మీకు భయమేసింది, మానేశారు. అంతే చెప్పండి."

కోపం ముంచుకొచ్చి కొట్లోకి వెళ్లిపోయాను.

పిల్లకు మాటలొచ్చి, ఊరివాళ్లు చెప్పుకునేవి చెవిన పడే వయసొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం కొట్లో బెల్లం ముక్క చప్పరిస్తూ, "నాన్నా, నువ్వు నాటకాలెందుకు మానేశావు?" అంది.

"భయమేసిందమ్మా."

"దేనికి?"

ఏం చెప్పను? "లేవమ్మా, లే. అన్నం చల్లారిపోతోంది" అన్నాను. నోటి వెంట వచ్చేశాక గాని అది ఏ మాటో గుర్తురాలేదు. పిల్ల మాత్రం గౌను దులుపుకుని లేచింది. లోపలికెళ్లి, కంచం ముందు కూర్చుని, శుభ్రంగా తింది.