చైనా నవల చదివిన చలికాలం

యుద్ధం మొదలైన చలికాలంలో నేను రియాద్‌కు దగ్గర్లోని అల్ ఖర్జ్ పక్కన ఒక మజ్రాలో పంపుల పని చేసేవాణ్ణి. ఖర్జూరం చెట్లు, పశువుల గడ్డి, ఒక గొర్రెల మంద, ఇదీ మా మజ్రా. మందను చూసుకునే ఆయన మా జగిత్యాల వైపు మనిషే. నాకన్నా చాలా పెద్ద. మామా అని పిలిచేవాణ్ణి. ఆయనకు చదువు రాదు. నా దగ్గర అట్ట ఊడిపోయిన చైనా నవల ఒకటి ఉండేది, తెలుగులోకి తెచ్చింది. మధ్యాహ్నం తిన్నాక షెడ్డు ముందు ఎండలో కూర్చుని చదివి వినిపించేవాణ్ణి.

ఒక పల్లెలో మూడు తరాల రైతు కుటుంబం కథ అది. జపాను సైన్యం వస్తోందని ఊరంతా ఖాళీ అవుతుంటే తాత మాత్రం కదలడు. కోడలు జొన్నలను పొయ్యి కింద పాతిపెడుతుంది. కొడుకు యుద్ధానికి పోయాడు. చైనా పేర్లు మా నోటికి తిరగక ముసలాయన, కోడలు అనే చెప్పుకునేవాళ్లం.

"మా బాపు గూడ అచ్చం గిట్లనే తమ్మీ. ఎవ్వలు చెప్పినా పొలం ఇడ్శి రాడు," అని మామ మురిసిపోయేవాడు.

రియాద్ మీదికి క్షిపణులు రావడం మొదలయ్యాక విషవాయువు వదులుతారని పుకారు పుట్టింది. మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన మజ్రా యజమాని, తన ముసలి తండ్రిని, కొడుకులను, మనవలను రెండు కార్లలో ఎక్కించుకుని మక్కా వైపు చుట్టాల ఇంటికి బయలుదేరాడు. వాళ్లందరికీ మాస్కులున్నాయి. మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉన్నాయి. ఇచ్చి వెళ్లమని వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

"ఈ యుద్ధం మీతో కాదు కదా," అన్నాడు. "గొర్రెలకు నీళ్లు తప్పకుండా చూడండి."

ఇంటికి తాళం వేసి వెళ్లిపోయాడు. మేం తడి తువ్వాళ్లు మూతికి కట్టుకుని పని చేశాం.

కొన్నాళ్లకు రియాద్‌లో పనిచేసే మామ మేనల్లుడు టాక్సీలో వచ్చాడు. కారు దిగుతూనే ఏడ్చాడు. "ఊర్ల తాత పోయిండు మామా."

మామ చేతిలో నీళ్ల బకెట్ ఉంది. దాన్ని తొట్టిలో వంచి, ఖాళీ చేశాకే కింద కూర్చున్నాడు. పాస్‌పోర్టు లేదు, దేశం దాటడానికి ఎగ్జిట్ కాగితం రాసివ్వాల్సిన కఫీల్ లేడు. మేనల్లుడు చీకటి పడకముందే వెళ్లిపోయాడు.

మర్నాడు మామే పుస్తకం చదవమన్నాడు. వద్దన్నా వినలేదు. మా ఖర్మ, ఆ రోజు వచ్చిన భాగంలో తాత చనిపోతాడు. శవపెట్టెకు చెక్క దొరక్క కోడలు ఇంటి తలుపు ఊడదీసి, దాని మీదే మోయించి పూడ్పిస్తుంది.

"కొడుకు రాలేదా?"

"యుద్ధంల ఉన్నడు గద మామా."

"ఆనికి యుద్ధమన్న ఉన్నది." ఆయన మంద వైపు చూశాడు. "నేను గొర్ల కాడ ఉంటి."

ఆ తర్వాత చదవమనలేదు. మిగిలింది నేనొక్కణ్ణే చదువుకున్నాను. కొడుకు తిరిగొచ్చి, తలుపు లేని ఇంట్లోకి నడిచి వెళతాడు. మామకు ఆ సంగతి చెప్పలేదు.

యుద్ధం ఆగాక కఫీల్ వచ్చాడు. దిగీ దిగగానే మంద దగ్గరికి వెళ్లి, ఎన్ని పిల్లలు పుట్టాయో చూసుకుని సంబరపడ్డాడు. మామ తండ్రి పోయాడని నేను చెబితే, దేవుడి ఆజ్ఞ అని రెండు చేతులూ ఎత్తాడు. ఎగ్జిట్ మాత్రం గడ్డి కోతలయ్యాకే ఇచ్చాడు.

సెలవు సగం కూడా కాకుండానే మామ తిరిగొచ్చేశాడు. ఏమైందని అడిగాను.

"తమ్ములు పొలం పంచుకున్నరు. కొరివి వెట్టనోనివి నీకేం పాలు అన్నరు. నా పెండ్లాం గూడ ఆళ్ల దిక్కే మాట్లాడింది తమ్మీ. నన్ను చుట్టం లెక్క మంచమేసి కూసోవెట్టిన్రు."

కఫీల్ ఆయన్ను చూసి నిజంగానే సంతోషించాడు. గొర్రెలు పాత మనిషిని మర్చిపోలేదని నవ్వాడు. మామ మంద వైపు నడిచాడు. నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన మళ్లీ సెలవు అడగలేదు.