డబ్బాకు తోక

ఊరంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్న రోజుల్లో, మా అమీర్‌పేట ఇంట్లోకి జర్మనీ నుంచి ఒక ప్రీఆంప్ దిగింది. అందరికీ అలాగే చెప్పాను. నిజానికి అది పంజాగుట్ట సందులో, రేడియోలు బాగుచేసే మేస్త్రి బల్ల మీద, నా కళ్ల ముందే అరగంటలో పుట్టింది.

సీడీ ప్లేయర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య కూర్చుని పాటను పెంచి, అదుపులో పెట్టేది ప్రీఆంప్. నా పాతది కాలిపోయింది. మేస్త్రి విప్పి చూసి మళ్లీ మూత పెట్టేశాడు.

"గిది పోయిందన్నా. ఫికర్ చెయ్యకు. సీడీల ఆవాజ్ మస్తుంటది, పెంచే పనే లేదు. నడుమ ఒక్క వాల్యూమ్ కంట్రోల్ పెడ్తె చాలు. కరెంటు సుత అక్కర్లేదు."

ఒక అల్యూమినియం డబ్బా, దానికో నాబ్. అంతే. ఇంత తేలిగ్గా ఉంటే మా బావమరిది నవ్వుతాడు. నవ్వితే నష్టం మా ఆవిడకు. వాళ్ల నాన్నగారి పద్యనాటకాల రికార్డులు, ప్లేయర్‌తో సహా, మధురానగర్‌లో తమ్ముడి దగ్గరే ఉండిపోయాయి. అడిగినప్పుడల్లా, "మీ ఇంట్లో వినబుద్ధయ్యే సెట్టు పెట్టించు, నేనే తెచ్చిస్తానక్కా" అనేవాడు. ఆవిడ అడగడం మానేసింది. వంట చేస్తూ ఆ పద్యాలు తనే పాడుకునేది, మరిచిపోయిన చోట ఆగిపోయేది.

అందుకని డబ్బాకు ఒక వైరు, ప్లగ్గు, ముందువైపు ఎర్రదీపం పెట్టించాను. ఆ వైరు దీపం వరకే. పాటతో దానికి చుట్టరికం లేదు. ఈ ఉపాయం మేస్త్రిదని ఇన్నాళ్లూ చెప్పుకొచ్చాను. నాదే. ఆయన అన్నది ఒక్కటే: "ఎందుకన్నా గీ తోక?"

ఆదివారం బావమరిది వచ్చాడు. వినడానికి మా ఇంట్లో పాతికమంది పోగయ్యారని రాయబోయాను. అతనొక్కడే. సన్నాయి సీడీ పెట్టి, ప్లగ్గు గుచ్చి, దీపం వెలిగించి, "వేడెక్కనీ" అన్నాను. వేడెక్కడానికి అందులో ఏముంది గనక.

అతను కళ్లు మూసుకున్నాడు. "దీపం వెలిగాక సన్నాయి విచ్చుకుంది బావగారూ. మా దాంట్లోలా గుయ్‌మనే మోత కూడా లేదు. జర్మనీ వాడు జర్మనీ వాడే."

"మరి రికార్డుల సంగతి?"

"రేపే తెస్తాను."

అంతలో మా ఆవిడ మిక్సీతో హాల్లోకొచ్చింది. వంటింటి ప్లగ్గు చెడిందట. నేను నోరు తెరిచేలోపే డబ్బా ప్లగ్గు పీకి మిక్సీది పెట్టింది. కొబ్బరి పచ్చడి నలుగుతున్నంతసేపూ ఏ పాటా వినబడలేదు. ఆ పచ్చడి జన్మలో నలగకూడదని కోరుకున్నాను. నలిగింది. మిక్సీ ఆగింది. సన్నాయి హాయిగా సాగిపోతోంది.

"బావగారూ, దీపం ఆరింది. పాట ఆరలేదేంటి?"

"లోపల కరెంటు నిల్వ ఉంటుంది."

"ఓహో. ఎంతసేపుంటుందో చూద్దాం."

మూడు రాగాలు చూశాడు. నాలుగో దానికి నేనే ఒప్పుకున్నాను. మూత విప్పి, లోపలున్న ఆ ఒక్క వాల్యూమ్ కంట్రోల్‌నీ చూసి, తల పట్టుకున్నాడు.

"ఉప్పుడబ్బాకి చేతులు జోడించబోయాను కదండీ."

మా ఆవిడ గిన్నెలోకి పచ్చడి తీస్తూ అంది, "సన్నాయి విచ్చుకుందన్నది నువ్వేనా కాదా? విన్న చెవులు నీవే కదరా."

మర్నాడు రికార్డులు, వాటి ప్లేయరూ వచ్చాయి. మా ఆవిడ తనే తుడిచి ఒకటి పెట్టింది. నాబ్ చివరికంటా తిప్పినా దోమ పాడినట్టుంది. రికార్డు మీది ముల్లు ఇచ్చే ధ్వని మరీ చిన్నది, దాన్ని పెంచేవాడు కావాలి. మా డబ్బాకు తగ్గించడమే వచ్చు. ఆవిడ స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది.

"మీకు పెంచడమొక్కటే వచ్చు, మీరు చేయించిందానికి అదే రాదు" అంది.

బావమరిదికి ఫోన్ చేశాను. నేను పైకి చెప్పుకోని ఫోన్ అదొక్కటే. బావమరిది స్కూటరు మీద, కాళ్ల మధ్య తన ప్రీఆంప్ పెట్టుకుని వచ్చాడు. "దీని వైరు అసలైనదే, లాగి చూసుకోండి" అన్నాడు. గుయ్‌మనే మోత వెనక నుంచి పద్యం లేచింది. మా ఆవిడ ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి, రికార్డుతో పాటు చివరిదాకా పాడింది.

ఆ ప్రీఆంప్ మా ఇంట్లోనే వదిలేసి, వెళ్తూ వెళ్తూ నా డబ్బా చంకన పెట్టుకున్నాడు. తోక కత్తిరించి ఇవ్వనా అని అడిగాను.

"వద్దు బావగారూ, ఉండనివ్వండి. మా ఇంటికి వచ్చేవాళ్లకి జర్మనీదని చెప్పాలి కదా."