దిబ్బ మీద తుండుగుడ్డ

కూర్మమ్మ మూడో తరగతితో బడి మానేసింది గానీ, విమానాలకి దారి చూపించడానికి ఆ చదువు చాలనుకుంది.

వాళ్ళ రేవుకి ఒక పద్ధతుంది. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసుకదిబ్బ మీద ఒక ఆడమనిషి తుండుగుడ్డ పట్టుకుని నిలబడాలి. పైకెత్తితే రమ్మని, అడ్డంగా ఊపితే ఆగమని. ఇంటికొక వంతు. రెండేళ్ళ కిందట తన వంతు రోజున కూర్మమ్మ కొత్త చీరకి ఫాల్ కుట్టించుకోడానికి నౌపడ వెళ్ళింది. ఆ పొద్దున అలల్లో రెండు పడవలు గుద్దుకున్నాయి. మొగుడు సూరయ్య తిరిగి రాలేదు. చీర పెట్టెలోనే ఉంది. ఫాల్ మాత్రం బాగా కుట్టేడు దర్జీ.

ఇప్పుడు కూతురు అనూరాధ ఉప్పుమళ్ళ అవతల విమానం నడపడం నేర్చుకుంటోంది. పొద్దున్నే ఏడెనిమిది బుల్లి విమానాలు తిరుగుతాయక్కడ. ఏది ఎప్పుడు దిగాలో చెప్పే టవర్ లేదు.

“మరి ఆగమని ఎవులు సెప్తారే?”

“మేమే రేడియోలో ఒకలికొకలం సెప్పుకుంటామే అమ్మా, నేనిక్కడున్నాను, దిగతన్నాను అని.”

“సెప్పడం మర్సిపోయినోడుంటే?”

“కళ్ళున్నాయి గదా. ఇన్ని విమానాలకి టవరెవులు కడతారు?”

“నాలుగు పడవలకే మేం దిబ్బ మీద మనిసిని పెట్టేం గదే.”

అనూరాధ దీపం ఆర్పి పడుకుంది. కూర్మమ్మ గెలిచేననుకుంది. మర్నాడు సూరయ్య ఎర్ర తుండుగుడ్డ తీసుకుని ఉప్పుగట్టెక్కి, దిగబోతున్న విమానానికి అడ్డంగా ఊపింది. విమానం బుద్ధిగా పైకి లేచిపోయింది. మొగుడు కూడా ఎన్నడూ అంత మాట వినలేదు.

మధ్యాహ్నం, నేర్పే మాస్టారు భాస్కర్ ఇంటికొచ్చేడు.

“పిన్నీ, నీ గుడ్డ చూసి కింద ఏదో అడ్డముందని లేచేడు మావోడు. పైన ఇంకొకడు పోతున్నాడు, అది నీకు కనబళ్ళేదు. కొద్దిలో తప్పింది. టవరంటే అందర్నీ చూసి, అందరితో మాటాడాల. అది కావాలని మేమూ అర్జీ పెట్టేం. అందాకా నువ్వు ఊపకు. ఇంకోసారైతే అనూరాధని మానిపించేస్తారు.”

నిలబడాల్సిన రోజు నిలబడలేదు, నిలబడకూడని రోజు నిలబడ్డాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది, అనుకుంది కూర్మమ్మ.

గురువారం అనూరాధ మొదటిసారి ఒక్కర్తీ ఎగిరింది. కూర్మమ్మ గట్టు మీద తుండుగుడ్డ మడత పెట్టి దాని మీదే కూర్చుంది. చేతులు ఊరుకునేవి కావు గనక వాటినీ తొడల కింద తొక్కిపెట్టింది. కూతురు దిగబోతుంటే ముందు ఇంకో విమానం కనబడింది. కూర్మమ్మ చేతుల మీద ఇంకా గట్టిగా కూర్చుంది. అనూరాధ ఒక చుట్టు ఎక్కువ తిరిగి, దాన్ని దిగనిచ్చి, అప్పుడు దిగింది.

లేచి చూస్తే గుడ్డ నిండా ఉప్పు. దులుపుదామని రెండు కొసలూ పట్టుకుంది. పైన ఇంకా రెండు విమానాలు తిరుగుతున్నాయి. దులపకుండానే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది.