ఫిరంగికి పూసిన చందనం

ఆ ఏడు చెరకు కోత ముగిసేసరికి నాలో మిగిలింది ఎముకలూ, వాటి మీద వేలాడే చొక్కా. ఎస్టేటు ఎడ్లబండి తోలడం నా పని. ఎద్దులు నాకన్నా తెలివైనవి, కాడి దించగానే పడుకునేవి. నేను మాత్రం మా ఊరు బాన్ అక్యూయ్‌లో మా అరుగు మీద చేరినవాళ్ళకి కథలు చెప్పాలి. గవర్నరు దొరగారి బూటు మింగి కుంటుకుంటూ ఈదిన సొరచేప కథ నాదే. అలా నోటికొచ్చినట్టు చెబుతూ ఓసారి ఆగ్నేయపు ఒడ్డున ఫ్రెంచివాళ్ళు వదిలేసిపోయిన పాత కోట సంగతి ఎత్తాను. కొండ, కొండ మీద రాతిగోడలు, కింద సముద్రం. అచ్చం సింహాచలమే అన్నాను. మావాళ్ళు చెరకు కూలికి ఓడెక్కి వచ్చిన ఈ ద్వీపంలోనే నేను పుట్టాను. సింహాచలం నేనెన్నడూ చూడలేదు. ఆ మాటకొస్తే కోట కూడా, సున్నం బస్తాలకి వెళ్ళినప్పుడు కింద దారి నుంచి చూసిందే.

మా మేనత్త ఆ మాట పట్టుకుంది.

ఆవిడ కొత్త పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చింది. నడిసముద్రంలో గాలివాన పట్టుకుంటే, ప్రాణాలతో ఒడ్డు చేరితే నా చేత్తో చందనం పూస్తాను స్వామీ అని సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. ఒడ్డు చేరింది. మళ్ళీ ఓడెక్కే రాత మాత్రం లేకపోయింది. ఏటేటా ఇంట్లో దీపం పెట్టి పూజ చేసేది గానీ, మొక్కు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, దగ్గు పట్టుకుంది. మొక్కు తీరకుండా పోతానేమోనన్నదే ఆవిడ బెంగ.

"కొండుందన్నావు, సముద్రముందన్నావు. నన్నక్కడికి తీసుకెల్లు," అంది.

"అక్కడ దేవుడు లేడత్తా."

"లేడని నీకెలా తెల్సు? లోపలికెల్లి సూసినావేటి?"

చూడలేదు. వాదించే ఓపికా లేదు.

ఓ ఆదివారం తెల్లవారకముందే బండి కట్టాను. ఆవిడ అరగదీసిన చందనం అరిటాకులో చుట్టుకుంది. ఒళ్ళో కొబ్బరికాయ, చెంబుతో నీళ్ళు. దారంతా రాళ్ళు. ఎండెక్కింది. కొండ మొదట్లో ఎద్దులు ఇక కదలమన్నాయి. అక్కడినుంచి అత్తను వీపున వేసుకుని ఎక్కాను. మనిషి పిడికెడే, కానీ పైకి వెళ్ళేకొద్దీ ఓడంత బరువైంది. మధ్యలో ఆవిణ్ణి ఓ బండ మీద కూర్చోబెట్టి, అటు తిరిగి చెంబెడు నీళ్ళూ తాగేశాను.

పైన సగం కూలిన గోడ, గాలికి ఒక పక్కకే వాలిన సరుగుడు చెట్లు, మేకలు. గోడ నీడలో ఈ దీవి మనిషే, ఓ ముసలి క్రియోల్, వెదురు పేళ్ళతో చేపల బుట్ట అల్లుతున్నాడు. "కి ఊ పె రోదే?" అన్నాడు, ఏం వెతుకుతున్నారని. "బోంద్యే," అన్నాను, దేవుణ్ణని. అతను తలెత్తకుండానే గడ్డంతో గోడ అవతలికి చూపించాడు. ఉంటే అటే ఉండాలి, ఇటుపక్కంతా మేకలే అన్నాడు.

అటుపక్క, మూతి నేలలో దిగబడి నిలువుగా నిలబడ్డ ఫిరంగి ఒకటి ఉంది. అత్త నడుమెత్తు. పైన గుండ్రటి గుబ్బ. ఒళ్ళంతా తుప్పు. దాని వెనక సముద్రం రాళ్ళని బాదుకుంటోంది.

అత్త దాన్ని చాలాసేపు చూసి, అరిటాకు విప్పింది. చందనం ఎండి పెచ్చులైపోయింది.

"సెంబిలాగియ్యి."

"ఖాళీ అత్తా. దారిలో ఎద్దులు తాగేశాయి."

"ఎద్దులు కొండెక్కినాయేటిరా?"

నా జన్మలో అంత త్వరగా చచ్చిన అబద్ధం ఇంకోటి లేదు. ఆవిడ కొబ్బరికాయను ఫిరంగికేసి కొట్టి, నీళ్ళు చిప్పలో పట్టి, అందులో చందనం కలిపింది. గుబ్బ నుంచి మొదలుపెట్టి పూసింది. ఆవిడ పూసినచోటల్లా తుప్పు లోపలికి పోయింది.

"అది ఫిరంగి అత్తా," అన్నాను. ఇన్నేళ్ళు అబద్ధాలాడినవాడికి, చెప్పకూడని చోట నిజం తన్నుకొచ్చింది.

"నాకు కల్లున్నాయి. అప్పన్నా ఏడాదంతా సందనం కిందే ఉంటాడు. లోపలేటున్నాదో నానప్పుడూ సూన్నేదు."

దణ్ణం పెట్టుకుని అక్కడే చతికిలబడింది. ఇంతలో ఓ మేకపోతు వచ్చి స్వామివారి భుజం నాకడం మొదలుపెట్టింది. రాయి తీసుకున్నాను.

"ఒగ్గీరా," అంది కళ్ళు మూసుకునే. "నానొప్పజెప్పీసినాను. ఇంకది ఆయన పని."

తిరుగుదారిలో బండిలో వెనక్కి వాలి నిద్రపోయింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎద్దులు వాటి మానాన అవి నడిచాయి.

ఆ సాయంత్రం అరుగు మీద అందరూ చేరారు. కోట ఎలా ఉంది, మెట్లెన్ని, దేవుడు కనిపించాడా అని. ఫిరంగి, మేక, క్రియోల్ ముసలాడు, వారం రోజులకు సరిపడా సరుకు నా నోట్లో ఉంది.

"అత్త మొక్కు తీరింది," అని చెప్పి, లోపలికి వెళ్ళి పడుకున్నాను.