అక్కయ్యను తేవడానికి అల్లవరం

కోనసీమ చూసి రావాలని నాకెప్పుడూ కోరిక లేదు. మా ఆఫీసులో అమలాపురం వాళ్ళు ఇద్దరున్నారు. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీస్తూనే వాళ్ళ ఊరి కొబ్బరి, వాళ్ళ ఊరి అరటి, వాళ్ళ ఊరి గాలి అని మొదలుపెడతారు. అంత గొప్ప గాలిని వదులుకొని బెజవాడ దుమ్ములో గుమాస్తా పని ఎందుకు చేస్తున్నారో మాత్రం ఇద్దరూ చెప్పరు. అలాంటి చోటికి దసరా సెలవుల్లో పనిగట్టుకొని వెళ్ళానంటే దానికి కారణం మా అక్కయ్య కామేశ్వరి.

అక్కయ్య నాకన్నా ఆరేళ్ళు పెద్ద. బావగారు అల్లవరంలో స్కూలు మాస్టరుగా ఉండేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. పిల్లల్లేరు. ఆయన పోయిన వెంటనే అక్కయ్య బెజవాడ వచ్చి మా ఇంట్లో ఉండాలని పెదనాన్నగారు తీర్మానించారు. అక్కయ్య కాదనలేదు, రానూ లేదు. కొబ్బరి దింపు కానీయమని ఒకసారి, వానలు తగ్గనీయమని ఒకసారి జరుపుతూ వచ్చింది. ఈలోగా నా భార్య సుశీలకు నాలుగో కానుపు దగ్గరపడింది. ఇంట్లో వంటకూ పిల్లలకూ ఒక మనిషి కావలసి వచ్చింది. అప్పుడు పెదనాన్నగారు నన్ను పిలిచి, "ఆడది పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉంటే మనకు అప్రదిష్ట. నువ్వే వెళ్ళి వెంటబెట్టుకురా," అన్నారు. అప్రదిష్ట మూడేళ్ళ నుంచీ ఉంది గాని వంటమనిషి అవసరం ఆ నెలలోనే వచ్చింది.

తెల్లవారుజామున పాసింజరులో బయలుదేరాను. మూడో తరగతి పెట్టెలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తాడేపల్లిగూడెం దాకా నా భుజం మీదే నిద్రపోయి, లేచి, "మీరు సరిగ్గా కూర్చోకపోవడం వల్ల మెడ పట్టేసిందండీ," అని దిగిపోయాడు. రాజమండ్రిలో దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషను దగ్గర పూటకూళ్ళింట్లో భోజనం చేశాను. పప్పులో నీళ్ళు, చారులో నీళ్ళు, మజ్జిగలో నీళ్ళు. పక్కనే గోదావరి ఉంటే ఇంతే కాబోలు అనుకున్నాను.

రెండు గంటలకు కోటిపల్లి బస్సు. యుద్ధం ముగిసిందన్న వార్త ఇక్కడి బస్సులకు ఇంకా అందినట్టు లేదు. వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకొనే నడుస్తున్నాయి. ఎత్తు వచ్చినప్పుడల్లా బస్సు ఆగుతుంది, క్లీనరు దిగి పొయ్యి దగ్గర చక్రం తిప్పుతాడు, మనం పొగ మింగుతాం. ద్రాక్షారామం దాటేసరికి నా తెల్ల లాల్చీ బూడిద రంగుకు తిరిగింది. వెళ్ళదలచుకున్నవాళ్ళకు నా సలహా ఒకటే: ముందు సీట్లో కూర్చోండి, ముదురు రంగు బట్టలు కట్టుకోండి.

కోటిపల్లి రేవు దగ్గర గౌతమి ఇంకా ఎర్రగానే ఉంది. వరద తీసింది గాని బురద తీయలేదు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకొని పడవెక్కాను. ఎదురుగా గొడుగు మీద గడ్డం ఆనించుకొని ఒక ముసలి రైతు కూర్చున్నాడు. పడవ కదలకముందే మొదలుపెట్టాడు.

"ఎందాకండీ తవఁరు?"

"అల్లవరం."

"ఆయ్. ఎవరి తాలూకండీ?"

చెప్పకపోతే అవతలి ఒడ్డు చేరేదాకా వదలడని చెప్పాను. అతని ముఖం వెలిగింది. "అయితే హిందీ పంతులమ్మగారి తమ్ముడుగారా అండీ! ఆయ్, ముందే చెప్పేరు కారేం? మా మనవరాలు ఆవిడ దగ్గరే చదువుతాందండి." పడవలో ఉన్నవాళ్ళందరికీ నన్ను చూపించాడు. ఆ క్షణం నుంచి తిరుగు ప్రయాణం దాకా నాకు సొంత పేరు లేదు. ఆ 'ఆయ్' సంగతి కూడా చెప్పాలి. అది అవుననడమో, కాదనడమో, వింటున్నామనడమో పరాయివాడికి తెలియదు. ఏమడిగినా ఎంతో మర్యాదగా 'ఆయ్' అంటారు, పని మాత్రం అలాగే ఉంటుంది.

ముక్తేశ్వరం నుంచి ఇంకో బస్సెక్కి దీపాలు పెట్టే వేళకు అమలాపురం చేరాను. బస చేసిన హోటలు గది కిటికీకి తలుపు లేదు. "గాలి బాగా వస్తుందండీ," అన్నాడు యజమాని. గాలితో పాటు దోమలూ వచ్చాయి. మా ఆఫీసువాళ్ళు వీటి మాట ఎందుకు ఎత్తరో అడగాలనుకున్నాను. పొద్దున్నే ఇడ్లీ, కాఫీ. ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ, దాని మీద కొబ్బరి పొడి, పక్కన కొబ్బరి ముక్క. కాఫీలో మాత్రం కొబ్బరి వెయ్యలేదు.

అల్లవరానికి జట్కా మాట్లాడుకున్నాను. దారి పొడుగునా ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొట్ట మీదున్న వరి, వీటి వెనక కొబ్బరిచెట్లు. మైలు తర్వాత మళ్ళీ అదే కాలవ, అదే వరి, అవే చెట్లు. జట్కా అతను వెనక్కి తిరిగి, "చూసేరాండీ మా సీమ!" అన్నాడు. చూశానన్నాను. మళ్ళీ మైలు పోయాక అదే మాటన్నాడు.

అక్కయ్య ఇల్లు కాలవ గట్టున రెండు గదుల పెంకుటిల్లు. అరుగు మీద చాప వేసుకొని అరడజను మంది ఆడపిల్లలు గట్టిగా హిందీ వల్లిస్తున్నారు. సెలవులైనా వదిలిపెట్టలేదన్నమాట. అల్లవరంలో హిందీ నేర్చుకొని వీళ్ళు ఎవరితో మాట్లాడతారో నాకు అర్థం కాలేదు. మధ్యలో మా అక్కయ్య. సన్న అంచు చీర, పెరిగిన జుట్టుకు ముడి. పెదనాన్నగారు చూస్తే, భర్త పోయినావిడకు జుట్టేమిటని ఆ ముడి దగ్గరే ఆగిపోయేవారు.

"వచ్చేవా? కాళ్ళు కడుక్కో," అంది, ముందు రోజే చూసినట్టు. "కబురు లేకుండా వచ్చేవంటే పెదనాన్నగారు పంపించేరన్నమాట."

వచ్చేవా, పంపించేరు! మనిషి మాట కూడా ఈ ఊరిదైపోయింది.

మధ్యాహ్నం కందా బచ్చలి కూర, అరటిపువ్వు పొడికూర, గేదె పెరుగు. కందలో ఆవ కాస్త ఎక్కువైందేమోనని అనుమానం వచ్చి మూడోసారి కూడా వడ్డించుకొని చూశాను. అనుమానం తీరలేదు. భోజనాలయ్యాక అక్కయ్య వక్కపొడి డబ్బా నా ముందుకు తోసి, "ఇంక చెప్పు," అంది.

పెదనాన్నగారు చెప్పినదంతా చెప్పాను. ఒంటరితనం, వయసు, లోకం, వంశం. ఆవిడ శ్రద్ధగా వింది.

"సుశీలకి ఎన్నో నెల?" అని అడిగింది.

"తొమ్మిది వచ్చింది."

"అదీ సంగతి." కోపం లేదు ఆ గొంతులో. "మరి నేనక్కడ ఎక్కడ పడుకుంటాను?"

"వంటింటి పక్క గది ఉందిగా."

"బియ్యం బస్తాలుండే గదేనా?"

"బస్తాలు తీసేస్తాం."

అక్కయ్య ఫక్కున నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు. "రేపు అట్లతద్ది. పిల్లలు గోరింటాకు రుబ్బుకుంటున్నారు, నేను వెళ్ళాలి. రేపు మాట్లాడుకుందాం," అని లేచిపోయింది. సాయంత్రం ఊరంతా గోరింటాకు వాసన. నేను అరుగు మీద కూర్చుని దోమల్ని కొట్టుకుంటూ, దారిన పోయే ప్రతివాడికీ నేను పంతులమ్మగారి తమ్ముణ్ణేనని ఒప్పుకుంటూ గడిపాను.

తెల్లవారకుండానే పెద్ద గోల. అట్లతద్దినాడు ఆడపిల్లలు పొద్దు పొడవకముందే లేచి అన్నాలు తిని వీధుల్లో ఆడుకుంటారు. పక్కవాళ్ళను నిద్రపోనివ్వకపోవడం కూడా ఆ నోములో భాగమే కాబోలు. పడుకోలేక లేచి పెరట్లోకి వెళ్ళాను. తూర్పున అప్పుడే తెల్లబడుతోంది. చేల మీద సన్నని మంచు. నూతి దగ్గర పారిజాతాలు రాలి నేల తెల్లగా ఉంది. వరి పొట్ట విచ్చే వాసన ఒకటి గాలిలో తేలివస్తోంది. దాన్ని ఎలా చెప్పాలో తెలియదు, పాలు కాగుతుంటే వచ్చే వాసనకు దగ్గర. ఒంటికి కాస్త చలి తగిలింది. దోమలు లేవు. రెండు రోజుల్లో ఏ ఫిర్యాదూ తోచని సమయం అదొక్కటే. మేలుకొని లేకపోతే అదీ ఉండేది కాదు.

గోల పెరటి వెనక మామిడిచెట్టు దగ్గర. ఎత్తైన కొమ్మకు మోకు కట్టి ఉయ్యాల వేశారు. పిల్లలు చుట్టూ నిలబడి కేకలు పెడుతున్నారు. ఉయ్యాల మీద నిలబడి, మోకు రెండు చేతులా పట్టుకొని, మోకాళ్ళు వంచి లేస్తూ ఊగుతున్నది మా అక్కయ్య. కొమ్మ దాకా పోయి వస్తోంది. ముడి ఊడి జుట్టు వీపు మీద పడింది. నవ్వుతోంది.

నలభై ఆరేళ్ళ మనిషి! భర్త పోయినావిడ! జనం ఏమనుకుంటారు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. కాని ఆ ఉయ్యాలను ఊపుతున్నది జనమే. ఇటు పక్క మునసబుగారి కోడలు, అటు పక్క నుదుట కాసంత బొట్టుతో ఒక పెద్దావిడ. ఆవిడే నన్ను చూసి పక్కకు వచ్చింది. పొరుగింటి సత్యవతమ్మగారట.

"తమ్ముడుగారాండీ? అలా నిలబడిపోయేరేం, అన్నం తిన్నారాండీ?"

"ఇది... మీ ఊళ్ళో ఎవరూ ఏమీ అనరా?" అన్నాను.

"ఎందుకనరండీ? మొదటేడు అన్నారండీ, నేనే అన్నాను." ఆవిడ దాచుకోలేదు. "మేష్టారు పోయిన ఏడు ఈవిడ తలుపులేసుకుని బయటికి రాలేదండీ. అట్లతద్దినాడు ఈ పిల్లలంతా అన్నం గిన్నెలు పట్టుకొచ్చి ఆ అరుగు మీద కూర్చున్నారు. పంతులమ్మగారు వస్తేగాని తినరంట. ఎండెక్కిందండీ. మా మనవరాలు ఏడుపు. నేనే తలుపు కొట్టి, 'అమ్మా, పిల్లలు మాడిపోతన్నారు, రండి' అన్నాను. వచ్చేరు. వాళ్ళతో తిన్నారు. అప్పట్నించి ఆవిడ ఊగాకే మా పిల్లలు ఊగుతారండి."

"మరి నోము...?"

"నోము మాది, ఉయ్యాల ఆవిడదండీ," అంది సత్యవతమ్మగారు, అందులో అడగడానికేముందన్నట్టు.

అక్కయ్య దిగి, ఆయాసపడుతూ నా దగ్గరికి వచ్చింది. ముఖం ఎర్రబడింది. జుట్టు ముడేసుకుంటూ, "ఊఁ, అనరా. రాత్రి నుంచీ దాచుకున్నదంతా అను," అంది.

అనడానికి చాలా ఉంది. "పడితే నడుం విరుగుతుంది," అన్నాను.

"ఇక్కడ పడితే ఎత్తడానికి ఇంతమంది ఉన్నారు. బియ్యం బస్తాల గదిలో పడితే నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా చూడాలి." ఆ మాట అని, నా ముఖం చూసి కాస్త మెత్తబడింది. "సుశీల కానుపుకి వస్తాను. నీ పెళ్ళాం మీద నాకేం పగా? పసిదానికి నెల వెళ్ళేదాకా ఉంటాను. అయ్యాక వచ్చేస్తాను. పెదనాన్నగారితో ఈ రెండో మాట ముందు చెప్పు."

"ఆయన ఒప్పుకోరు."

"నేనడిగింది చెప్పమని. ఒప్పించమని కాదు."

ఇంతలో పిల్లలు ఆవిడ చేయి పట్టుకొని లాక్కుపోయారు. నేను వద్దు వద్దంటుండగానే సత్యవతమ్మగారు అరిటాకు వేసి, చద్దన్నం, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. తెల్లవారకుండా అన్నం తినడం ఆరోగ్యానికి మంచిది కాదు. తిన్నాను.

మర్నాడు ఒక్కణ్ణే బయలుదేరాను, అక్కయ్య వారంలో వస్తానంది. వచ్చిన దారిన మళ్ళీ ఆ బొగ్గు పొగ మింగలేక నరసాపురం మీదుగా వెళదామనుకున్నాను. ఇదీ తెలివైన పని కాదు. బోడసకుర్రు దాకా ఎడ్లబండి, అక్కడ వైనతేయ మీద పడవ, పాశర్లపూడి నుంచి రాజోలుకు బస్సు, రాజోలులో చల్లారిన కాఫీ, మళ్ళీ బస్సు, సఖినేటిపల్లి దగ్గర మళ్ళీ పడవ. ఈ సీమలో మనిషి బస్సులో నిద్రపోవడానికి లేదు. కునుకు పట్టేలోపల ఒక ఏరు అడ్డం వచ్చి దిగమంటుంది. దీనికి తోడు అక్కయ్య కట్టి ఇచ్చిన చక్కెరకేళి గెల ఒకటి, కొబ్బరికాయల బస్తా ఒకటి. ఎక్కిన చోటా దిగిన చోటా నేను వాటికి కూలీనయ్యాను.

సఖినేటిపల్లి పడవలో ఒక బట్టల వర్తకుడు గెల వంక చూసి, "ఎలా ఉందండీ మా కోనసీమ?" అని అడిగాడు.

"బురద, దోమలు, రేవులు," అన్నాను.

"ఆయ్," అన్నాడు సంతోషంగా. "మళ్ళీ ఎప్పుడు వస్తారండీ?"

నరసాపురంలో మధ్యాహ్నం బండెక్కి, భీమవరంలో మారాను. కిటికీ పక్క చోటు దొరికింది. ఈ వ్యాసం చదివి కోనసీమ వెళదామనుకునేవాళ్ళకు నిజం చెప్పడం నా విధి: వెళ్ళకండి. చూడడానికి ఏమీ లేదు. తప్పనిసరై వెళితే ఆశ్వయుజంలో వెళ్ళండి, తెల్లవారకముందు లేవండి. సూర్యుడు వచ్చాక అది మామూలు ఊరే.

గుడివాడ దాటేదాకా పెదనాన్నగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అక్కయ్యకు ఒంట్లో బాగాలేదని చెబుదామా అంటే ఆవిడ నాకన్నా గట్టిగా ఉంది. ఆస్తి వ్యవహారం అందామా అంటే నాలుగు కొబ్బరిచెట్లకు వ్యవహారమేమిటి? చదువు చెబుతోందనడం ఇంకా ప్రమాదం. ఒక్కో అబద్ధాన్నీ పట్టుకుని ఇంటి గుమ్మం దాకా నడిపించి చూశాను, ఏదీ లోపలికి వెళ్ళలేదు. ఇంక మిగిలింది ఉన్నమాటే. ఆవిడ అక్కడ సంతోషంగా ఉంది, అందుకని కానుపుకి వచ్చినా మన దగ్గర ఉండిపోదు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఈ కారణం చెప్పి పెదనాన్నగారి మాట కాదనలేదు. ఆయన దాన్ని కారణంగా లెక్కలోకి తీసుకుంటారో లేదో నాకు తెలియదు. బండి బెజవాడ స్టేషనులోకి వస్తుంటే, మొదటిసారి చెప్పబోయేది నేనే కదా, తడబడకుండా చెప్పాలని లోపల ఒకటికి రెండుసార్లు అనుకుని చూసుకున్నాను.